విపశ్యన పది రోజుల కోర్సు: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి

విపశ్యన అనే పది రోజుల మౌన ధ్యాన కోర్సు మీద నెట్‌లో ఏది చదివినా రెండు రకాలుగానే ఉంటున్నాయండీ. వెళ్లొచ్చాక జీవితమే మారిపోయింది అని రాసేవాళ్లు ఒక పక్క, జైల్లో పెట్టినట్టు పెట్టారు మధ్యలోనే వచ్చేశా అని రాసేవాళ్లు ఇంకో పక్క. వెళ్దామా వద్దా అని ఆలోచించే మనిషికి ఈ రెండిటి వల్లా ఉపయోగం లేదు. నేను ఈ కోర్సు చేశాను, కొన్నేళ్లాగి మళ్లీ వెళ్లి చేశాను, మధ్యలో దీని వెనకున్న బౌద్ధం గురించీ, మనసు గురించి సైకాలజీ వాళ్లు ఏమంటున్నారనేదాని గురించీ దొరికినంత చదివాను, అందుకని పొడుగైనా సరే వివరంగా రాద్దామనిపించింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ప్రశాంతత కోసమే అయితే వెళ్లొద్దు, దానికి ఇంతకంటే తేలిక మార్గాలు చాలా ఉన్నాయి. కోపం, భయం, ఆశ ఇవన్నీ మనలో ఎక్కడ పుడుతున్నాయో పుట్టే చోటే కూర్చుని చూడాలి అనుకుంటే మాత్రం, ఇంత పద్ధతిగా, ఇంత ఓపిగ్గా, పైగా డబ్బు అడక్కుండా చూపించే చోటు నాకు ఇంకోటి తెలీదు. కాకపోతే అక్కడ మనం స్వయంగా చూసేది ఒకటి, దాని గురించి అక్కడ వాళ్లు చెప్పే వివరణ ఇంకొకటి. రెండూ కలిపి ఒకేసారి నమ్మేయకూడదు అనేది నేను గట్టిగా చెప్పదల్చుకున్న సంగతి.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక కథ. ఈ కోర్సుని ఇప్పుడున్న రూపంలో ఇండియాకి తెచ్చినాయన సత్యనారాయణ గోయెంకా. 1924లో బర్మాలోని మాండలేలో పుట్టారు, మార్వాడీ వ్యాపార కుటుంబం. ఆయనకి భయంకరమైన మైగ్రేన్ ఉండేది, మార్ఫిన్ ఇంజెక్షన్లు వేయించుకునేదాకా వెళ్లింది, ఆ మార్ఫిన్‌కి ఎక్కడ అలవాటు పడిపోతాడో అని డాక్టర్లు భయపడ్డారు. అలాంటి టైమ్‌లో 1955లో సయాజీ ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి వెళ్లారు. ఈ ఊ బా ఖిన్ సన్యాసి కాదండీ, స్వతంత్ర బర్మాకి మొదటి అకౌంటెంట్ జనరల్, ఫైళ్ల మధ్య బతికిన గవర్నమెంట్ ఆఫీసర్. తలనొప్పి తగ్గించుకోడానికే వస్తానంటే రావద్దు అన్నారట ఆయన, మనసు గురించి తెలుసుకోడానికైతే రా, నొప్పి తగ్గితే తగ్గుతుంది అన్నారట. నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన సంగతి ఇదే, ఎందుకంటే ఈ రోజుక్కూడా ఆ కోర్సుకి వెళ్లేవాళ్లలో సగంమంది ఏదో ఒక నొప్పి తగ్గించుకోడానికే వెళ్తున్నారు. 1969లో గోయెంకా ఇండియా వచ్చి క్లాసులు మొదలుపెట్టారు, 2013లో పోయారు. ఇప్పుడు కోర్సులో వినిపించేది ఆయన రికార్డెడ్ గొంతే. మనకి దగ్గర్లో హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త ఉంది, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మవిజయ, సాగర్‌లో ఒకటి, సంగారెడ్డి వైపు కొండాపూర్‌లో ఒకటి. నేను ఎక్కడికి వెళ్లానో చెప్పట్లేదు, చెప్పినా పెద్ద తేడా లేదు, ఎక్కడైనా అవే ఆడియోలు, అదే టైమ్‌టేబుల్.

టైమ్‌టేబుల్ అంటే మామూలుది కాదు. తెల్లారుజామున నాలుక్కి గంట కొడతారు, నాలుగున్నరకల్లా కూర్చోవాలి, ఆరున్నరకి టిఫిన్, పదకొండుకి భోజనం, సాయంత్రం అయిదుకి టీ, కొత్తవాళ్లకైతే పండో, మరమరాలో ఇస్తారు, పాతవాళ్లకి మధ్యాహ్నం తర్వాత తినడానికి ఏమీ ఉండదు, నిమ్మరసం నీళ్లు మాత్రమే. రాత్రి ఏడుకి ప్రవచనం, తొమ్మిదిన్నరకి లైట్లు ఆర్పేస్తారు. మొత్తం కలిపితే రోజుకి దాదాపు పది గంటలు కళ్లు మూసుకుని కూర్చోవడం. ఫోను మొదటి రోజే తీసుకుని లాకర్లో పెడతారు, పుస్తకం లేదు, పెన్ను లేదు, మాట లేదు, సైగలు కూడా చెయ్యకూడదు, ఎదురుపడ్డవాళ్ల కళ్లల్లోకి చూడకుండా వెళ్లిపోవాలి. మగవాళ్లకీ ఆడవాళ్లకీ అన్నీ వేరువేరు. తిండి సాత్వికం, నాకు బాగానే ఉంది, కారం ఎక్కువ తినేవాళ్లకి చప్పగా అనిపిస్తుంది. రూములు సింపుల్‌గా, శుభ్రంగా ఉన్నాయి. వండేవాళ్లు, గంట కొట్టేవాళ్లు, మనకి నీళ్లు పెట్టేవాళ్లు అందరూ ఇంతకుముందు కోర్సు చేసి ఇప్పుడు సేవకి వచ్చినవాళ్లే, జీతం లేదు. ఫీజు లేదు. ఒక్క కోర్సైనా పూర్తి చేసినవాళ్ల దగ్గర తప్ప వేరేవాళ్ల దగ్గర విరాళం కూడా తీసుకోరు, అది కూడా చివర్లో మనకి తోచినంత, పక్కన నిలబడి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు పూర్తి గౌరవం, మన చుట్టూ ఆధ్యాత్మికం పేరుతో వేలకి వేలు వసూలు చేసే రిట్రీట్లు చూశాక ఇది చాలా పెద్ద విషయం అనిపిస్తుంది.

అసలు సంగతికొస్తే, మొదటి మూడు రోజులు ఆనాపాన అని ఒకటే పని, ముక్కు దగ్గర ఊపిరి వచ్చిపోవడం గమనించాలి. ఊపిరిని మార్చకూడదు, లెక్కపెట్టకూడదు, మంత్రం అనుకోకూడదు, దేవుడి రూపం ఊహించకూడదు. ఇదేముంది అనిపిస్తుంది వింటే. కూర్చుంటే తెలుస్తుంది, పది ఊపిర్లు వరసగా గమనించడం ఎంత కష్టమో. ఇక్కడ నేను గమనించిన ఒక విషయం ఏంటంటే, మనసు పారిపోయేది ఊరికే ఎక్కడికో కాదు, దానికి రెండే చోట్లున్నాయి, ఒకటి జరిగిపోయినదాన్ని మళ్లీ నాకు అనుకూలంగా నడిపించుకోవడం, రెండోది జరగబోయేదానికి రిహార్సల్ వేసుకోవడం. ఎవరితోనో ఎప్పుడో జరిగిన వాదనలో ఈసారి నేను గెలుస్తా. వచ్చే నెల పెళ్లిలో ఎవరేమంటే ఏం సమాధానం చెప్పాలో సిద్ధం చేసుకుంటా. రెండిట్లోనూ మధ్యలో నేనే. నేను లేని ఆలోచన ఒక్కటి కూడా రాలేదు అని మూడో రోజుకి అర్థమైనప్పుడు నిజంగా ఆశ్చర్యమేసింది. ఇది నేను పుస్తకాల్లో చదివాను, బుద్ధుడు చెప్పాడని తెలుసు, మనసు ఖాళీగా ఉన్నప్పుడు తన గురించి తానే ఆలోచించుకుంటుంది అని బ్రెయిన్ స్కాన్లు తీసేవాళ్లు చెప్తున్నారనీ తెలుసు, కానీ తెలియడం వేరు, ఒక రోజంతా కూర్చుని అదే పని జరుగుతుంటే చూడటం వేరు.

నాలుగో రోజు మధ్యాహ్నం విపశ్యన ఇస్తారు. తల నుంచి కాళ్లదాకా ఒక్కో భాగం మీద మనసు పెట్టి అక్కడ ఏం తెలుస్తుందో చూడటం, వేడి, చెమట, దురద, నొప్పి, తిమ్మిరి, గాలి తగలడం, ఏదైనా సరే. బాగుందని పట్టుకోకూడదు, బాగాలేదని తొయ్యకూడదు. అప్పటినుంచి రోజుకి మూడు సార్లు గంటసేపు కదలకుండా కూర్చోవాలి, అధిష్ఠానం అంటారు, కాళ్లు చేతులు కదపకూడదు, కళ్లు తెరవకూడదు.

మోకాళ్ల నొప్పి గురించి అందరూ రాస్తారు, నేను వేరే సంగతి రాస్తా. నొప్పి మొదలైన మొదటి అరగంట అది ఒకటే పెద్ద ముద్దలా ఉంటుంది, కుడి మోకాలు అంటే నొప్పి, అంతే. కదలకుండా దాన్నే చూస్తూ ఉంటే కాసేపటికి ఆ ముద్ద విడిపోవడం మొదలవుతుంది, అంటే లోపల మంట వేరు, పక్కన లాగుతున్నట్టు ఉండేది వేరు, అది వచ్చిపోతూ ఉంది, మధ్యమధ్యలో అసలు ఏమీ లేదు. వీటన్నిటికీ పక్కనే ఇంకోటి ఉంది, ఇంకెంతసేపు, నావల్ల కాదు, కాలికి ఏమైనా అవుతుందేమో, ఇక్కడికెందుకొచ్చాన్రా భగవంతుడా అనే గోల. బాధలో ముప్పాతిక భాగం ఆ గోలే. బుద్ధుడు రెండు బాణాల గురించి చెప్పాడు కదా, ఒక బాణం తగిలినవాడు దానికి ఏడుస్తూ తనే ఇంకో బాణం పొడుచుకున్నట్టు అని. 1968లో మెల్జాక్, కేసీ అనే ఇద్దరు సైంటిస్టులు నొప్పి మీద రాసినదాంట్లో కూడా దాదాపు ఇదే ఉంది, నొప్పి తాలూకు స్పర్శ ఒక భాగం, అది వద్దు అనిపించే బాధ ఇంకో భాగం, ఆ పైన దాని గురించి మనం చేసే ఆలోచన ఇంకో భాగం అని. ఒకటి రెండువేల అయిదొందల ఏళ్ల నాటి మాట, ఇంకోటి నిన్నమొన్నటి మాట. మోకాలి దగ్గర మాత్రం ఆ రెండూ నిజమేనని నేను ఎవరినీ అడక్కుండా తేల్చుకోగలిగాను. నొప్పి తగ్గలేదండీ. గోల తగ్గింది.

ఇప్పుడు చెప్పేది నాకు ఈ కోర్సులో దొరికిన అతి విలువైన విషయం, ఇది చెప్పడానికే రాస్తున్నా అనుకోండి. మా నాన్నగారి ఇల్లు అమ్మే విషయంలో మా తమ్ముడికీ నాకూ చాలాకాలంగా మాటలు సరిగ్గా లేవు. అయిదో రోజో ఆరో రోజో కూర్చుని ఉండగా వాడు గుర్తొచ్చాడు, ఇక లోపల వాదన మొదలైంది, నేను బ్రహ్మాండంగా మాట్లాడుతున్నా, వాడి దగ్గర సమాధానం లేదు. మామూలుగా అయితే ఆ వాదనలోనే మునిగిపోయేదాన్ని. అప్పుడు ఒళ్లంతా గమనించే పనిలో ఉన్నాను కాబట్టి వేరేది కనిపించింది. దవడ బిగుసుకుపోయి ఉంది. చెవులు వేడెక్కి ఉన్నాయి. గుండె మధ్యలో ఎవరో అరచెయ్యి పెట్టి నొక్కుతున్నట్టుంది. ఇవి వాదన వల్ల వచ్చాయి అనుకున్నా ముందు. రెండో మూడో సార్లు ఇలాగే జరిగాక జాగ్రత్తగా చూస్తే, వరస తిరగబడి ఉంది. వాడి మొహం గుర్తొచ్చిన వెంటనే గుండె దగ్గర నొక్కడం మొదలవుతోంది, అది భరించలేకుండా ఉంది, దాన్నుంచి తప్పించుకోడానికి మాటలు పుట్టుకొస్తున్నాయి. మాటలు గట్టిపడేకొద్దీ నొక్కడం కాసేపు తెలీట్లేదు. అంటే నా కోపం నా న్యాయం కోసం కాదు, ఆ నొక్కుడు నుంచి బయటపడటం కోసం. ఈసారి మాటల్ని అలా వదిలేసి నొక్కుడు దగ్గరే ఉండిపోయాను. చాలాసేపు ఉంది. దాని కింద ఉన్నది కోపం కానే కాదు, నాన్న పోయాక ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఉన్న దిగులే. ఇల్లు అమ్మేస్తే నాన్న ఇంకోసారి పోతారు అన్నట్టుగా ఉంది. అది తెలిసి ఏడుపొచ్చింది, అక్కడ ఏడిస్తే ఎవరూ పట్టించుకోరు, అందరూ ఏదో ఒక రోజు ఏడుస్తారు.

బౌద్ధంలో దీనికి ఒక వరస ఉంది, ప్రతీత్య సముత్పాదం అంటారు. స్పర్శ వల్ల వేదన (ఇక్కడ బాధ అని కాదు, మంచిదైనా చెడ్డదైనా కలిగే అనుభూతి), వేదన వల్ల తృష్ణ (కావాలి, వద్దు అనే ఆరాటం), తృష్ణ వల్ల ఉపాదానం (దాన్నే పట్టుకుని వేలాడటం), అలా ఒకదాన్నుంచి ఒకటి. గోయెంకా గారి ప్రవచనాల్లో మొత్తం బరువంతా ఈ వేదనకీ తృష్ణకీ మధ్య ఉన్న చోటు మీదే. మనం వస్తువుకి స్పందిస్తున్నాం అనుకుంటాం గానీ నిజానికి ఆ వస్తువు వల్ల ఒంట్లో పుట్టినదానికి స్పందిస్తున్నాం, అక్కడ ఆగగలిగితే మిగతా వరస నడవదు అంటారాయన. ఇటు సైకాలజీలో విలియం జేమ్స్ 1884లో ఎమోషన్ అంటే ఏంటి అని ఒక వ్యాసం రాశాడు, మనం భయపడి పరిగెత్తట్లేదు, పరిగెత్తే ఒంటిని గుర్తించడమే భయం అని ఆయన వాదన, అంటే ఒళ్లు ముందు, ఎమోషన్ తర్వాత. డెన్మార్క్‌లో కార్ల్ లాంగే కూడా ఆ మరుసటేడు ఇలాంటిదే చెప్పాడు. 1927లో వాల్టర్ కానన్ దీన్ని గట్టిగా ఖండించాడు, గుండె కొట్టుకోవడం కోపంలోనూ ఒకటే, భయంలోనూ ఒకటే, మరి ఒంటిని బట్టి ఏది ఏదో ఎలా తెలుస్తుంది అని. ఆ చర్చ ఇప్పటికీ పూర్తవలేదు. నాకనిపించింది ఏంటంటే కానన్ అడిగిన ప్రశ్న సరైనదే, నాకు కూడా గుండె దగ్గర నొక్కుడు కోపమా దిగులా అనేది దాన్ని బట్టే తెలీలేదు, దాని మీద ఏ కథ అల్లుకున్నానో దాన్ని బట్టి కోపం అయింది, కథ ఆపితే దిగులు అయింది. ఈ మాట నేను ఏ ప్రొఫెసర్‌తోనూ వాదించి గెలవలేను, నా ఒంట్లో అలా జరిగింది అని మాత్రం చెప్పగలను.

ఫిలాసఫీ చదివితే వరస తెలుస్తుంది, సైకాలజీ చదివితే దాని మీద ఎన్ని అనుమానాలున్నాయో తెలుస్తుంది, కూర్చుంటే అది నాలో ఎక్కడుందో తెలుస్తుంది. నా వరకైతే ఈ మూడిట్లో ఏ ఒక్కటి తీసేసినా మిగతా రెండూ కుంటుపడతాయి. ఉత్త ఫిలాసఫీ తెలిసినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు, అనిత్యం అశాశ్వతం అని గంటసేపు చెప్తారు, కాఫీలో చక్కెర తక్కువైతే ఇల్లు పీకి పందిరేస్తారు. ఉత్త సైకాలజీ పదాలు నేర్చుకున్న పిల్లలు ట్రామా, టాక్సిక్ అని అందరికీ లేబుల్స్ వేస్తున్నారు గానీ తమ వంతు వచ్చేసరికి ఆ పదమే వాళ్లకి అడ్డుగోడ అవుతోంది. ఉత్త పరిశీలన కూడా చాలదు, ఎందుకంటే మనం చూసేదాన్ని మనం ఆశించేది మార్చేస్తుంది. దీని గురించి ఇప్పుడు రాయాలి, కోర్సు మీద నా అసలు అభ్యంతరం ఇక్కడే.

ఒళ్లంతా సూక్ష్మంగా జలజలమని ప్రవహిస్తున్నట్టు ఒక స్థితి వస్తుంది అని, వచ్చినా దాని మీద ఆశ పెట్టుకోవద్దని ప్రవచనంలో చెప్తారు. ఆశ పెట్టుకోవద్దు అని చెప్పినా సరే, అలాంటిది ఒకటుంది అని విన్న మనిషి దానికోసం వెతక్కుండా ఉంటాడా. వేలికొసల మీద కాసేపు మనసు పెట్టి కూర్చుంటే ఎవరికైనా ఏదో ఒక చిమచిమ తెలుస్తుంది, ఇప్పుడే ట్రై చెయ్యండి, కోర్సు అక్కర్లేదు. కాబట్టి ఆ ప్రవాహం వచ్చింది కాబట్టి ప్రపంచమంతా తరంగాలే అని తేల్చెయ్యడం నాకు కుదరలేదు. తరంగాలు, అణువులు, సెకనుకి ఎన్నోసార్లు పుట్టి చచ్చే కణాలు అంటూ ఫిజిక్స్ భాషలో చెప్పే భాగం కూడా ఉంది, అది ఫిజిక్స్ కాదు, ఫిజిక్స్ చదువుకున్నవాళ్లకి ఇబ్బందిగా ఉంటుంది. అలాగే పాత సంస్కారాలు, అంటే మన పాత స్పందనలు మనసులో వదిలిన ముద్రలు, ఒంటి మీద నొప్పులుగా పైకొచ్చి రాలిపోతాయి, గత జన్మలవి కూడా వస్తాయి అనే వివరణ. నా మోకాలు నొప్పెట్టడానికి గంటసేపు బాసింపట్టు వేసుకోవడం చాలు కదా, గత జన్మ ఎందుకు. నా గుండె దగ్గర దిగులు ఈ జన్మదే, నాన్నది. చూసినదానికీ, చూసినదాని మీద అల్లినదానికీ మధ్య గీత గీసుకోవడం ఆ మౌనంలో కొంచెం కష్టమే, ఎందుకంటే పగలంతా అలసిపోయి, ఎవరితోనూ మాట్లాడకుండా, రాత్రి ఒక్క గొంతే వింటాం, ఆ గొంతు కూడా చాలా ఆప్యాయంగా, కథలు చెప్తూ ఉంటుంది. అలాంటి టైమ్‌లో మనిషి మామూలుకంటే తొందరగా నమ్ముతాడు. ఈ మాట అనడానికి నాకు ఇబ్బందేం లేదు, బుద్ధుడే కేసపుత్త ఊరి కాలాములతో సంప్రదాయం అని నమ్మొద్దు, గురువు చెప్పాడని నమ్మొద్దు, మీకు మీరు తెలుసుకున్నాకే తీసుకోండి అన్నాడు, ఆ మాట ప్రవచనాల్లో కూడా వస్తుంది. ఎవరి నమ్మకాలనీ మార్చుకోమని అడగరు, పునర్జన్మ నమ్మకపోయినా టెక్నిక్ చెయ్యొచ్చు అని కూడా చెప్తారు. నేను ఆ వెసులుబాటు పూర్తిగా వాడుకున్నాను.

మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి అయితే ఇంకో అడుగు ముందుకేస్తారు. 1929లో తన కోసమే కట్టిన సంస్థని రద్దు చేసేసి సత్యానికి దారంటూ ఏదీ లేదన్నారు, ఏ పద్ధతి పట్టుకున్నా ఆ పద్ధతి చూపించేదే చూస్తావు, నిన్ను నువ్వు చూడవు అనేది జీవితాంతం ఆయన చెప్పిన మాటల సారం. ఆయన మాటల దృష్టితో చూస్తే విపశ్యన కూడా ఒక పద్ధతే, ఒక అచ్చు. చాలాకాలం నాకు ఇదే పెద్ద సందేహంగా ఉండేది. ఇప్పుడు నా సమాధానం ఇది: ఆయన చెప్పినట్టు ఏ పద్ధతీ లేకుండా మనసుని ఉన్నదున్నట్టు చూడగలిగేవాళ్లు ఉండొచ్చు, నా మనసైతే పద్ధతి లేకపోతే అయిదు నిమిషాల్లో పెళ్లి మాటల్లోకో ఇల్లు మాటల్లోకో వెళ్లిపోతుంది, చూడటం అనేదే మొదలవ్వదు. కదలకుండా కూర్చోబెట్టే ఒక ఏర్పాటు నాకు కావాలి. అచ్చు పడుతుంది అన్న హెచ్చరిక మాత్రం దగ్గర పెట్టుకుంటా. ఆయన్ని చదివి, గోయెంకా దగ్గర కూర్చుంటే ఒకదాని లోటు ఇంకోటి కొంచెం పూడుస్తుంది.

ఇక జాగ్రత్తల విషయం, దీన్ని దాటెయ్యకండి. ఇది ట్రీట్‌మెంట్ కాదు. అప్లికేషన్ ఫామ్‌లోనే మానసిక ఆరోగ్యం గురించి, వాడే మందుల గురించి అడుగుతారు, తీవ్రమైన మానసిక సమస్యలున్నవాళ్లకి ఇది తగదు అని వాళ్ల నియమావళిలోనే ఉంది. చాలామంది సీటు రాదేమో అని అక్కడ దాస్తారు. దయచేసి దాచొద్దు. 2017లో అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ రిసెర్చర్లు మెడిటేషన్ చేసే 60 మందిని కూర్చోబెట్టి వాళ్లకి ఎదురైన కష్టమైన అనుభవాలేంటో రికార్డ్ చేశారు, భయం, నిద్ర పట్టకపోవడం, నేను నేను కాను అన్నట్టు అనిపించడం, కొందరికి అది చాలాకాలం ఉండిపోవడం, ఇవన్నీ దాంట్లో ఉన్నాయి. అందరికీ అవుతుందని కాదు, అవ్వదు అనుకుని వెళ్లకూడదు. రోజుకి పది గంటలు, మాట లేకుండా, నిద్ర తక్కువగా అనేది మనసుకి చాలా పెద్ద డోసు. డిప్రెషన్‌కి మందులు వాడుతున్నవాళ్లు, ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడండి, కోర్సు కోసం అని మందులు మీ అంతట మీరు ఆపెయ్యకండి. అలాంటివాళ్లకి చిన్న డోసు కావాలంటే జాన్ కబాట్ జిన్ 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ ప్రోగ్రామ్ ఉంది, వారానికొక క్లాసు, ఇంట్లో ప్రాక్టీసు, మాట్లాడుకోవచ్చు, అడగొచ్చు. దాంట్లో ఒళ్లంతా గమనించే బాడీ స్కాన్ అభ్యాసం కూడా ఈ కుదురు నుంచి వెళ్లినదే. ఇండియాలో అలాంటివి నేర్పే ట్రైనర్లు ఉన్నారు, కానీ డబ్బవుతుంది.

చిన్నచిన్న విషయాలు కొన్ని. ప్రవచనం గంటా పావు, మొదటి రోజుల్లో అదొక్కటే ఊరట, ఎందుకంటే అప్పుడొక్కసారే నడుము కాస్త సడలించి కథలు వింటాం, ఎనిమిదో రోజుకొచ్చేసరికి చెప్పిందే చెప్పినట్టుంటుంది. నేను వెళ్లిన చోట తెలుగులో కావాలన్నవాళ్లని వేరే రూములో కూర్చోబెట్టి తెలుగు ఆడియో వినిపించారు, అనువాదం గ్రాంథికంగా ఉన్నా అర్థమవుతుంది. పాళీ గాథలు, హిందీ దోహాలు (రెండు పాదాల పద్యాలు) పాడే గొంతు కొందరికి అసలు పడదు, నాకు అలవాటయ్యాక ఇష్టమైంది. ఆచార్యుల దగ్గరికి మధ్యాహ్నం పన్నెండు తర్వాత వెళ్లి సందేహాలు అడగొచ్చు, రాత్రి తొమ్మిదికి కూడా. అయితే అడిగే ప్రశ్న టెక్నిక్ గురించైతేనే సమాధానం దొరుకుతుంది, ఫిలాసఫీ చర్చకి దిగితే నవ్వి పని చెయ్యండమ్మా అంటారు. చర్చ అక్కడ పెట్టుకుంటే మనసు తప్పించుకునే ఇంకో దారి దొరికినట్టే అవుతుంది కాబట్టి అదే సరైంది అని నా ఉద్దేశం. ఇంటికొచ్చాక చర్చించుకోవచ్చు, చదువుకోవచ్చు.

పదో రోజు మైత్రి, అంటే అందరి మంచీ కోరుకునే ధ్యానం, నేర్పించి మౌనం విప్పుతారు. ఆ రోజు భోజనాల దగ్గర గోల చూడాలి. అన్ని రోజులూ గొంతు సవరించుకుంటూ నాకు విసుగు తెప్పించిన పక్క సీటావిడ గురించి నేను లోపల ఒక పెద్ద మనిషి బొమ్మే కట్టేసుకున్నా, పొగరు, ఎవరినీ లెక్కచెయ్యదు అని. మాట్లాడితే తెలిసింది ఆవిడకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుందట, అందరికీ ఇబ్బంది అని తనే బాధపడుతూ కూర్చుందట. ఒక్క మాట మాట్లాడకుండా, కళ్లల్లోకి కూడా చూడకుండా ఒక మనిషికి స్వభావం, చరిత్ర, ఉద్దేశం అన్నీ నేనే తయారుచేసి పెట్టాను. ఎదుటి మనిషి ప్రవర్తనకి పరిస్థితి కంటే స్వభావాన్నే కారణంగా చూస్తాం అని సైకాలజీ పాఠాల్లో ఉంటుంది. ఆఫీసులో, ఇంట్లో నేను కట్టుకున్న మిగతా బొమ్మలన్నీ వరసగా కళ్లముందుకొచ్చాయి.

ఇంటికొచ్చాక ఏం మిగిలింది అని అడుగుతారు అందరూ. వచ్చిన కొత్తలో ఉన్న నెమ్మదితనం కొన్ని వారాల్లో పోతుంది, అది పోతే కోర్సు వేస్టయింది అనుకోవద్దు. పొద్దునా సాయంత్రం గంట గంట కూర్చోమంటారు, ఇంట్లో ముసలివాళ్లూ పిల్లలూ ఉన్నవాళ్లకి అది జరిగే పని కాదు, ముఖ్యంగా ఆడవాళ్లకి, ఆ విషయం వాళ్లు ఇంకొంచెం దృష్టిలో పెట్టుకుంటే బాగుండేది. నాకు మిగిలింది దవడ. తమ్ముడి ఫోన్ వస్తే దవడ బిగుసుకోవడం తెలుస్తుంది, అన్నిసార్లూ కాదు, తెలిసినప్పుడు మాత్రం రెండు ఊపిర్ల టైమ్ దొరుకుతుంది. మొన్న వాడు ఫోన్ చేసి కొనేవాళ్లు వచ్చారక్కా అన్నాడు. ఎంతకి అని అడగబోయి ఆగి, ఒరేయ్ నీకు ఆ ఇంటికి వెళ్తే ఎలా ఉంటుంది రా అని అడిగాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత నేను లోపలికి వెళ్లనక్కా, గుమ్మం దగ్గర్నుంచే వచ్చేస్తా అన్నాడు. ఇల్లు అమ్మడం ఇంకా తేలలేదు, రేటు దగ్గర మా ఇద్దరికీ ఇప్పటికీ పడట్లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి: అప్లికేషన్ ఆన్‌లైన్‌లో పెట్టాలి, సెలవుల సీజన్‌లో సీట్లు తొందరగా నిండిపోతాయి, కాబట్టి కనీసం రెండు నెలల ముందు చూసుకోండి. నియమావళి మొత్తం చదవండి, మధ్యలో వెళ్లిపోవచ్చులే అనే ఆలోచనతో వెళ్లకండి. వదులు బట్టలు, పల్చటి శాలువా, అలారం గడియారం, రోజూ వాడే మందులు తీసుకెళ్లండి. మోకాళ్ల సమస్య ఉంటే ఫామ్‌లో రాస్తే కుర్చీ ఇస్తారు, కుర్చీలో కూర్చున్నా కోర్సుకి లోటేం లేదు. నడుముకి కుషన్లు హాల్లోనే ఉంటాయి, మొదటి రోజే తీసుకోండి, మొహమాటపడొద్దు. ఇంట్లోవాళ్లకి సెంటర్ ఆఫీస్ నంబర్ రాసిచ్చి వెళ్లండి, అర్జెంట్ అయితే వాళ్లు మనకి చెప్తారు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఆ నంబర్ వాళ్ల ఫోన్లో మీరే సేవ్ చేసి, ఒకసారి డయల్ చేసి చూపించి మరీ వెళ్లండి.